మా ఒడ్డు పండుగ, మామ ఒడ్డు పండుగ

మొన్న సెప్టెంబరు పదిహేడున పొద్దున్నే మంచిర్యాలలో మా ఇంట్లో టీవీ పెడితే, ఆ రోజును ఏ పేరుతో పిలవాలన్న దాని మీద నలుగురు పెద్దమనుషులు గొంతులు చించుకుంటున్నారు. ఒకాయన విమోచనం అన్నాడు. ఇంకొకాయన విలీనం అన్నాడు. మూడో ఆయన రెండూ కాదు, సమైక్యత అన్నాడు. నాలుగో ఆయన ఏమన్నాడో మిగతా ముగ్గురూ విననివ్వలేదు. మా మనవడికి ఆ రోజు సెలవు. చాయ్ తాగుతూ నా వైపు తిరిగి, "నానమ్మా, నువ్వు అప్పుడు ఉన్నవు గదా, నువ్వేమంటవు గీ దినాన్ని?" అని అడిగాడు. నేను టీవీ బంద్ చెయ్యమన్నాను. ఒక్క మాటలో తేలే సంగతి కాదది. అదీగాక నాకు పొద్దున్నే అరుపులు పడవు. ప్రాణహిత అవతల మహారాష్ట్ర ఒడ్డున సిరొంచలో మా మేనమామ కొడుకు నారాయణ బావ ఎండాకాలంలో పోయాడు. మోకాళ్ల నొప్పులతో పరామర్శకు పోలేకపోయాను, ఆ బాధ లోపల తొలుస్తూనే ఉంది. "నీకు సెలవే గదా, బండి తియ్యి, నన్ను సిరొంచకు తీసుకపో" అన్నాను. పోయేముందు అటక మీది ఇత్తడి సర్వను దింపించి, చింతపండుతో తోమి, మక్క గారెలు, అంటే మొక్కజొన్న గారెలు, చేసి నిండా పోసుకున్నాను. "గీ పాత గిన్నె ఎందుకు, స్టీలు డబ్బా లేదా?" అన్నాడు వాడు. వాడికి ఏం తెలుసు.

చెన్నూరు దాటి ముందుకు పోతే ఇప్పుడు ప్రాణహిత మీద వంతెన ఉంది. మనవడు పెట్టిన పాట సగంలో ఉండగానే అవతలి ఒడ్డు వచ్చేసింది. నది నిండుగా, ఎర్రగా పారుతోంది. ఆ నీళ్లను చూస్తుంటే నా చిన్నతనమంతా కళ్ల ముందుకు వచ్చింది. మా చిన్నప్పుడు ఈ నది రెండు రాజ్యాలకు హద్దు. ఇవతల నిజాం రాజ్యం, అవతల ఇంగ్లీషువాళ్ల రాజ్యం. రెండు ఒడ్ల మీదా మాట్లాడేది తెలుగే, మగ్గాల మీద నేసేది ఒకే రకం చీరలే, పిల్లను ఇచ్చేదీ తెచ్చుకునేదీ ఒకరితో ఒకరే. మేం అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్లం. అవ్వది సిరొంచ. ఇవతలి ఒడ్డున మా ఊరికి కోడలై వచ్చింది. ఆమె అన్న పోశెట్టి మామకు అక్కడ ఒక గుంట మగ్గం, మా బాపుకు ఇక్కడ ఒక గుంట మగ్గం. బాపు మాట తక్కువ మనిషి. మామ నోరు మూతపడితే ఒంట్లో బాగాలేదని అర్థం. ఈ ఇద్దరూ నది ఇటూ అటూ కూర్చుని ఇరవై ఏళ్లు పండుగల మీద పోట్లాడుకున్నారు. రెండు దేశాల మంత్రులు కూడా అంత పట్టుదలగా వాదించుకొని ఉండరు.

ఆ పోట్లాట ఎట్లా మొదలైందో చెప్పాలంటే మేము పారిపోయిన సంగతి చెప్పాలి. అవతల స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది మా ఒడ్డుకు రాలేదు. వచ్చింది రజాకార్ల భయం. ఒడ్డు మీది ఊళ్లవాళ్లు చాలామంది మూటలు కట్టుకుని పడవలెక్కారు. మేమూ ఎక్కాం. మా నాయినమ్మ మాత్రం మూట పట్టుకోలేదు. ఇంట్లో పొద్దస్తమానం గంజి వాసనలో కూర్చుని కండెలు చుట్టే మనిషి, ఆ రోజు తన ఇత్తడి సర్వ ఒక్కటి చంకలో పెట్టుకుని బయలుదేరింది. పోశెట్టి మామ ఇంట్లో మాకేమీ లోటు లేదు. అత్తమ్మ మా పిల్లలకు వడ్డించాకే తన పిల్లలకు వడ్డించేది. కానీ బాపు అత్తగారింట్లో అన్ని నెలలు ఉండవలసి వచ్చినందుకు కుంగిపోయాడు. మామ మగ్గం మీద వంతు పెట్టుకుని నేసేవాడు, తినేటప్పుడు తల ఎత్తేవాడు కాదు. నాయినమ్మ రోజూ సాయంత్రం ఒడ్డుకు పోయి మా ఊరి వైపు చూస్తూ కూర్చునేది.

ఆగస్టు పదిహేను వచ్చింది. సిరొంచలో జెండా ఎగరేస్తుంటే మామ నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించాడు. చేతిలో పేడా పెట్టాడు. నేను పరుగెత్తుకుంటూ వచ్చి నాయినమ్మకు సగం పెట్టబోతే, ఆమె తీసుకుని కొంగున కట్టుకుంది. "ఇది వీళ్లది బిడ్డా. మనది ఇంకా రాలే. మనది వచ్చినంక తింట" అంది. అప్పటికి నాకు అది వింతగా తోచింది, పేడాకు కూడా రాజ్యం ఉంటుందా అని. ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి, నది పొంగింది, నాయినమ్మకు జ్వరం వచ్చింది. జ్వరంలోనూ ఒకటే మాట, "మన ఒడ్డుకు తీసుకపోండ్రి." ఎట్లా తీసుకుపోతారు? ఆమె అక్కడే పోయింది. పాడెకు ముందువైపు బాపు, పోశెట్టి మామ పట్టారు. సిరొంచ ఒడ్డునే దహనం చేశారు. ఆమె పోయిన కొద్ది రోజులకే, సెప్టెంబరు పదిహేడున, షావుకారు ఇంటి రేడియోలో నిజాం లొంగిపోయాడని తెలిసింది. వీధంతా కేకలు, కౌగిలింతలు. బాపు మాత్రం ఒంటరిగా ఒడ్డుకు పోయి, నాయినమ్మ కూర్చునే చోట కూర్చున్నాడు. అవ్వ నన్ను పంపింది, పిలుచుకురమ్మని. పోయి ఆయన పక్కన కూర్చున్నాను.

నీళ్లు తగ్గాక ఇంటికి వచ్చేశాం. వచ్చే హడావుడిలో నాయినమ్మ సర్వను అక్కడే మరిచిపోయాం. మరుసటి ఏడు ఆగస్టు పదిహేనున పడవ నడిపే కొమురయ్య ఆ సర్వను తలమీద పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. నిండా పురణ్‌పోళీలు, మరాఠీవాళ్ల బొబ్బట్లు. కొమురయ్యకు ఒక అలవాటుండేది, ఎవరు ఏ మాట చెప్పి పంపినా వాళ్ల గొంతుతోనే చెప్పేవాడు. మామ లాగా పొట్ట ముందుకు పెట్టి, "బామ్మర్దీ, మీ సర్వ మా ఇంట్ల మర్చిపోయిన్రు. మీకంటె ఏడాది ముందు స్వాతంత్ర్యం వచ్చినోళ్లం, పెద్దోళ్లం, పండుగకు పంపుతున్నం. తినుండ్రి" అన్నాడు. బాపు ఒక పోళీ తుంచి నోట్లో వేసుకుని, "ఇవి మా పోలెలే. పేరు మార్చి మాకే పంపిండు" అన్నాడు. సిరొంచ నుంచి వచ్చాక బాపు నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. అవ్వ కూడా చూసింది. ఆమె లోపలికి పోయి కళ్లు తుడుచుకుంది.

పాత్రను ఖాళీగా తిరిగి పంపకూడదు కదా. బాపు నెల రోజులు ఆగి, సెప్టెంబరు పదిహేడున మక్క గారెలతో నింపి పంపాడు. "గిది మాది. మీకు లేదు గదా" అని కొమురయ్యతో చెప్పించాడు. అట్లా అది ఒక కట్టుబాటై కూర్చుంది. ఎవరి ఒడ్డుకు పండుగో వాళ్లే సర్వ పంపాలి. మామూలు రోజుల్లో పంపకూడదు. సర్వ పంపిన ఇంట్లో ఆ రోజంతా, వచ్చిన ఇంట్లో అది ఖాళీ చేసి కడిగేదాకా మగ్గం తొక్కకూడదు. నేతగాళ్లకు అదే పండుగ, మగ్గం ఆగడం. తక్కినవన్నీ తర్వాత. బాపు ఆగస్టు పదిహేనున సర్వ రాగానే గుంటలోంచి లేచేవాడు. మామ మాత్రం సెప్టెంబరు పదిహేడున లేచేవాడు కాదట. ఒక చేత్తో గారె తింటూ ఇంకో చేత్తో మగ్గం మీద నాడె విసురుతూ, "పండుగ మా బామ్మర్దిది, నాది కాదు. మా సర్కారు నాకు సెలవియ్యలే" అనేవాడట. అత్తమ్మ తిట్టేదట. ఇవన్నీ కొమురయ్య వచ్చి రెండు గొంతుల్లో చేసి చూపిస్తుంటే మేము పడిపడి నవ్వేవాళ్లం.

జనవరి ఇరవై ఆరు రెండు ఒడ్లకూ పండుగే. ఎవరు ఎవరికి పంపాలి? దాని మీద ఒక సంవత్సరం వాదన జరిగింది. చివరికి తేలిందేమంటే, ఆ రోజు ఎవరూ పంపొద్దు, నది నడుమ ఇసుక దిబ్బ మీద రెండిళ్ల వాళ్లూ కూర్చుని తినాలి. ఆ కాలంలో నీళ్లు సన్నగా ఉండేవి. చీరలు మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని అవ్వ, అత్తమ్మ ఎదురెదురుగా వచ్చి దిబ్బ మీద కలుసుకునేవాళ్లు. అవ్వకు ఏడాదంతటికీ అదొక్కటే పుట్టింటి పండుగ. బాపు ఆమెను వద్దనలేదు గానీ, ఆ ఒడ్డుకు తాను మళ్లీ కాలు పెట్టలేదు. ఆయన పోనిచోటికి ఆమె ఒక్కతే పోయేది కాదు. అందుకే ఆ సర్వ ఎక్కడ ఉందన్నది మాకు ఆట, ఆమెకు ఆట కాదు. అది నది దాటుతున్నంత కాలం ఆమెకు అన్న ఉన్నట్టే, బాపు మనసు కుదుట ఉన్నట్టే.

ఆంధ్రప్రదేశ్ వచ్చాక నవంబరు ఒకటి మాకు కొత్త పండుగైంది. కానీ అప్పుడు సర్వ మామ దగ్గర ఉంది. "పండుగ మీ దగ్గరున్నది, సర్వ నా దగ్గరున్నది. ఏం చేస్తవ్ బామ్మర్దీ?" అని కబురు. బాపు ఊరుకోలేదు. ఆ ఏడు దిబ్బ మీద కూర్చున్నప్పుడు మామను పట్టుకున్నాడు. మామ వాళ్ల ఊరు ఇంగ్లీషువాళ్ల కింద నుంచి మధ్యప్రదేశ్‌లోకి పోయింది, అక్కడి నుంచి బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. "బావా, నువ్వు మగ్గం గుంటలకెల్లి లేవకుండనే ఇన్ని రాజ్యాలు తిరిగినవు. టికెట్టు ఎక్కడ తీసుకున్నవు?" అన్నాడు బాపు. మామ రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "బరోబర్. నేను కూసున్న కాడ్నే కూసున్న. రాజ్యాలే లేచి పోతున్నయ్" అన్నాడు. ఇద్దరూ ఇసుకలో వెనక్కి వాలిపోయి నవ్వారు. ఆ మాట నాకు ఇప్పటికీ మరుపు రాదు. పెద్ద పెద్ద పుస్తకాలు చదివాక కూడా సరిహద్దుల గురించి నాకు తెలిసింది అంతే అనిపిస్తుంది.

తర్వాత వాళ్లకు మహారాష్ట్ర వచ్చింది, మే ఒకటి వాళ్ల పండుగైంది. ఆ రోజు మామ కొమురయ్యతో పంపలేదు. తానే కొత్త తెల్ల టోపీ పెట్టుకుని, సర్వ చేతపట్టుకుని నది నడిచి దాటి వచ్చాడు. నేను అప్పటికి పెద్దపిల్లను. పందిరి కింద మంచం వేసి, కుండలో నీళ్లు ఇచ్చాను. "కోడలా, ఇగ మేము మీకు సమం. మాకూ ఒకటి వచ్చింది సొంతంగ" అని పొంగిపోతున్నాడు. పోళీలు పంచాడు. బాపు మగ్గం ఆపి వచ్చి పక్కన కూర్చున్నాడు. అవ్వ అన్నకిష్టమని గోంగూర పచ్చడి నూరుతోంది. మామ ఊపులో ఉన్నాడు. "అగ చూడు బామ్మర్దీ, మీ సెప్టెంబర్ పదిహేడు తీసెయ్యి ఇగ. మీ సర్కారే యాది మర్చిపోయింది, నువ్వొక్కనివే పట్టుకొని ఏలాడుతున్నవు. అది వచ్చుడే లేటుగ వచ్చింది" అన్నాడు.

ఆ మాట మామ అంతకుముందు వంద తీర్లుగా అని ఉంటాడు. ముందు వచ్చినోళ్లం, పెద్దోళ్లం అని. కానీ ఎందుకో ఆ రోజు అది వేరే చోట తగిలింది. బాపు చేతిలోని పోళీని మెల్లగా ఆకులో పెట్టేశాడు. "అవును బావా. జర లేటే అయింది. మా అవ్వకు అందలే" అన్నాడు. రోట్లో పచ్చడి నూరే చప్పుడు ఆగిపోయింది. మామ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తల దించుకుని అన్నం తిన్నాడు. ఎండ చల్లబడక ముందే లేచి వెళ్లిపోయాడు. సర్వ మా దగ్గర ఉండిపోయింది.

ఆ ఏడు సెప్టెంబరు పదిహేడున అవ్వ పొద్దున్నే మక్కలు నానబోసి రుబ్బింది. సర్వను తోమి గడప మీద పెట్టింది. బాపు దాన్ని దాటుకుని లోపలికి పోయి మగ్గం గుంటలో దిగాడు. కొమురయ్య వచ్చి వాకిట్లో కాసేపు నిలబడి, ఏ గొంతుతోనూ ఏమీ చెప్పకుండా వెళ్లిపోయాడు. రుబ్బిన పిండిని అవ్వ సాయంత్రం ఇరుగుపొరుగుకు పంచింది. అప్పటి నుంచి ఆమె రాత్రిపూట అన్నం సరిగ్గా తినేది కాదు. భర్త మీద కోపం చూపించలేదు, అన్నను ఒక్క మాట అననివ్వలేదు. ఇద్దరి నడుమ నదిలాగా ఆమే పడుకున్నట్టు ఉండేది. జనవరి వచ్చింది. "నేను దిబ్బ మీదికి పోతున్న" అంది. బాపు వద్దనలేదు. నన్ను వెంటబెట్టుకుని పోయింది. అటువైపు నుంచి అత్తమ్మ ఒక్కతే వస్తోంది. ఇద్దరూ గిన్నెలు విప్పుకుని ఎదురెదురుగా కూర్చున్నారు. "వస్తనన్నడు వదినే. చెప్పులేసుకున్నడు. మళ్ల విప్పిండు. మొఖం చెల్లుతలేదంటడు" అంది అత్తమ్మ. "మా ఆయన కూడ గంతే" అంది అవ్వ. ఇద్దరూ ఒకరి గిన్నెలోంచి ఒకరు తిన్నారు. ఆ ఇద్దరు ఆడవాళ్లు అంత పెద్ద నది నడుమ ఎంత చిన్నగా కనబడ్డారో. నాకు దుఃఖం ఆగలేదు.

మళ్లీ సెప్టెంబరు పదిహేడు. ముసురు. నది ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. పడవలు కూడా సరిగ్గా నడవడం లేదు. బాపు పొద్దున్నుంచే మగ్గం మీద ఉన్నాడు. సాయంత్రానికి వాకిట్లో కొమురయ్య గొంతు వినిపించింది, "జారుతది, జర పైలం" అని. చూస్తే పోశెట్టి మామ. తలమీద గోనెసంచి, ఒళ్లంతా తడిసి ముద్దయ్యాడు. అవ్వ పరుగున పోయి తన కొంగుతోనే ఆయన తల తుడిచింది. మామ తిన్నగా మగ్గం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఏమీ లేదు.

"సర్వ పంపలేదు గదా. తీసుకపోదామని వచ్చిన" అన్నాడు.

బాపు నాడె విసురుతూనే ఉన్నాడు. "మీకు ఇయ్యాల పండుగ లేదు గదా బావా."

"లేదు. పండుగ నీది. కని నీ మగ్గం నడుస్తుంది. నా మగ్గం పొద్దుగాల్నుంచి బంద్ ఉన్నది." మామ మగ్గం మీద చెయ్యి వేశాడు. "మీ అవ్వను నేను గూడ మోసిన. ఆమె మా ఒడ్డుల ఉన్నది బామ్మర్దీ, నీ ఒడ్డుల లేదు. గీ దినం కోసం ఆమె ఎదురుసూసింది మా ఇంట్ల కూసోనే. నీదొక్కనిదే ఎట్లయితది? ఇగ ఏటేట గీ దినం నా మగ్గం ఆగుతది. మా సర్కారు సెలవిచ్చినా ఇయ్యకున్నా ఆగుతది. నేను పోయినంక నా పిలగాండ్లు ఆపుతరు."

నాడె ఆగింది. బాపు గుంటలోంచి లేచాడు. లేచి ఎదురుగా నిలబడ్డాడు గానీ ఏం చెయ్యాలో తెలియలేదు. మా బాపుకు కౌగిలించుకోవడం చేతకాదు. అవ్వ వైపు తిరిగి, "సర్వ కడుగు. బావకు ఆకలైతుందేమో" అన్నాడు. అవ్వ అప్పటికే మక్కలు ఒలుస్తోంది. ఆ ఏడు గారెలు ఉప్పెక్కువయ్యాయి. అందరం తిన్నాం. వరద తగ్గేదాకా మామ మా ఇంట్లోనే ఉన్నాడు. బాపు పంచె కట్టుకుని, బాపు కంచంలో తిని, తిన్నంతసేపూ మా ఒడ్డు వంటలకు వంకలు పెట్టాడు. వాళ్లింట్లో మేము ఉన్న నెలల బరువు బాపు మీది నుంచి ఆ రోజుల్లోనే దిగిందనుకుంటాను. మరుసటి ఏడు ఆగస్టు పదిహేనుకు అవ్వను తీసుకుని బాపు సిరొంచకు పోయాడు.

ఆ తర్వాత నాకు పెళ్లయింది, చదువు, ఉద్యోగం, పిల్లలు. పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోయారు. కొమురయ్య పోయాక సర్వను మోసేవాళ్లు లేరు. అది మా ఇంట్లో అటకెక్కింది. మగ్గాలు ఎక్కడివక్కడ పూడిపోయాయి. దారి సులువయ్యాక రాకపోకలు తగ్గాయంటే నమ్మబుద్ధి కాదు గానీ, మా రెండిళ్ల మధ్య అదే జరిగింది.

సిరొంచలో మామ ఇంటి చోట ఇప్పుడు నారాయణ బావ కొడుకు నడిపే పిండిగిర్ని ఉంది. పోయేసరికి గిర్ని తలుపు వేసి ఉంది. బయట ఒకామె జొన్నల సంచి పెట్టుకుని వచ్చి, తలుపు చూసి, ఏమీ అడగకుండా వెనక్కి పోయింది. ఇంకా మైల విడవలేదా అనుకున్నాను. బావ కోడలు సుజాత ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది. మాటలయ్యాయి, ఏడుపులయ్యాయి. బావ చివరి రోజుల సంగతులు చెప్పింది. లేవబోతూ, "గిర్ని నడుస్తలేదా బిడ్డా?" అని అడిగాను.

"నడుస్తది అత్తమ్మా. గీ ఒక్క దినమే బంద్. మా మామ ఆపేటోడు, వాళ్ల నాయన ఆపిండట. ఊళ్లె అందరికి ఎరికే, ఇయ్యాల ఎవరూ గింజలు తేరు."

"ఏం పండుగని అడుగరా ఎవరూ?" అన్నాను.

"పేరు గిట్ల ఏం లేదత్తమ్మా. గిర్ని బంద్ దినం అంటం."

సర్వ ఆమె చేతికిచ్చాను. గారెలు వేరే గిన్నెలోకి ఒంపుకుని, సర్వ కడిగి, ఖాళీగా ఎట్లా ఇవ్వాలని బెల్లం కోసం చూస్తోంది. "వద్దు బిడ్డా, ఇయ్యాల పండుగ మాది. మీది మే ఒకటికి. అప్పుడు నింపి పంపు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు గానీ తలూపి, సర్వను గూట్లో పెట్టింది.

తిరుగుదారిలో వంతెన ఎక్కగానే మనవడు పొద్దుటి మాటే మళ్లీ అడిగాడు. ఈసారి చెప్పడం మొదలుపెట్టాను. వంతెన అయిపోయింది, మాట అయిపోలేదు. చెన్నూరు వచ్చేసరికి నాయినమ్మ కొంగున కట్టుకున్న పేడా దగ్గరే ఉన్నాను. వాడు బండి పక్కకు ఆపి, ఇంజను బంద్ చేశాడు.